పాటగాడిని కష్టాల లెక్క అడగొద్దు

బ్లూస్‌నీ ర్యాప్‌నీ పక్కపక్కన పెట్టి మాట్లాడేవాళ్ల నోట తరచూ వినిపించే తీర్పు ఒకటుంది. బ్లూస్ పత్తిచేలల్లో పుట్టింది, పాడినవాళ్లు పడ్డ కష్టమే పాటయింది, కాబట్టి అది నిఖార్సైన సంగీతం. ర్యాప్‌లో ఉన్నవి తుపాకులు, బూతులు, మెడలో బంగారు గొలుసులు, గుక్క తిప్పుకోకుండా చెప్పుకునే గొప్పలు. బ్లూస్ పాడినవాడు బాధపడ్డాడు, ర్యాప్ పాడేవాడు బాధను అమ్ముకుంటున్నాడు.

సంగీతం బాగా తెలిసినవాళ్లు, నల్లజాతి చరిత్ర మీద గౌరవం ఉన్నవాళ్లు కూడా ఈ మాట అంటారు. అందుకే దీన్ని చూసీ చూడనట్టు వదిలేయలేం. ఈ తీర్పు పైకి ర్యాప్‌ను ఒక్కదాన్నే కించపరుస్తున్నట్టు కనిపిస్తుంది. బ్లూస్‌నూ అంతే కించపరుస్తుంది. ఆ పాటలు కట్టినవాళ్ల తెలివినీ, సాధననూ, చమత్కారాన్నీ, సంపాదించుకునే నేర్పునూ లాగేసుకుని, వాళ్లకు కన్నీళ్లను మాత్రం మిగులుస్తుంది.

కష్టం అబద్ధమని నేననడం లేదు. మిసిసిపీ డెల్టాలో నల్ల రైతు పంటలో సగం భూస్వామికి కొలిచి, విత్తనాలకూ తిండిగింజలకూ చేసిన అప్పు మిగతా సగంలోంచి తీర్చి, ఏడాది చివర ఉత్త చేతులతో నిలబడి, మళ్లీ అప్పుతోనే దుక్కి మొదలుపెట్టేవాడు. 1927 వరదల్లో గ్రీన్‌విల్ దగ్గర నల్లవాళ్లను తుపాకుల కాపలాలో నది గట్టు మీదే ఉంచి పని చేయించారు. ర్యాప్ పుట్టిన బ్రాంక్స్ సంగతీ తక్కువేం కాదు. రహదారి కోసం వాడలకు వాడలు కూల్చేశారు. 1970లలో దక్షిణ బ్రాంక్స్‌లో అద్దె ఇళ్లు వరసపెట్టి కాలిపోయాయి. 1986లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం 5 గ్రాముల క్రాక్‌కూ, 500 గ్రాముల పొడి కొకెయిన్‌కూ ఒకటే కనీస శిక్ష పెట్టింది, అయిదేళ్ల జైలు. ఆ చట్టం కింద లోపలికి పోయినవాళ్లలో ఎక్కువమంది ఎవరో అమెరికా అంతటికీ తెలుసు.

కష్టం రెండుచోట్లా ఉంది. అయితే డెల్టాలో లక్షలమంది పత్తి ఏరారు. బ్లూస్ పాటగాడు రాబర్ట్ జాన్సన్‌లా గిటార్ వాయించినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కష్టం అందరిదీ అయినప్పుడు పాట కొందరికే ఎందుకు పట్టుబడిందో కష్టం చెప్పలేదు. అది చెప్పాలంటే సాధన గురించి, చెవి గురించి, దగ్గర కూచుని నేర్పినవాళ్ల గురించి, శనివారం రాత్రి జనాన్ని నిలబెట్టుకోవడానికి పక్క ఊరి పాటగాడితో పడ్డ పోటీ గురించి మాట్లాడాలి. నిఖార్సు గురించి ఇంత పట్టింపు ఉన్నవాళ్లు ఈ సంగతులు ఎత్తరు.

బ్లూస్ రికార్డుల చరిత్ర పత్తిచేలో మొదలు కాలేదు. 1920 ఆగస్టులో న్యూయార్క్‌లో, ఓకే కంపెనీ స్టూడియోలో మొదలైంది. పాడింది మేమీ స్మిత్, సిన్సినాటీలో పుట్టి చిన్నతనం నుంచీ రంగస్థలం మీద ఆడి పాడిన మనిషి. పాట 'క్రేజీ బ్లూస్'. రాసింది పెర్రీ బ్రాడ్‌ఫర్డ్, పాటలు కట్టి కంపెనీల గడపలు ఎక్కి దిగి అమ్ముకునే వృత్తి రచయిత. నల్ల గాయని గొంతులో వెలువడిన మొదటి బ్లూస్ రికార్డు అది. నల్లవాళ్లు రికార్డులు కొంటారా అని సందేహించిన కంపెనీలు అది అమ్ముడుపోయిన తీరు చూసి ఎగబడ్డాయి. వాటిలో పారామౌంట్ అనే కంపెనీ విస్కాన్సిన్‌లోని ఒక కుర్చీల ఫ్యాక్టరీకి పుట్టిన బిడ్డ. ఫోనోగ్రాఫుల పెట్టెలు చేసి అమ్మేవాళ్లు వాటి మీద వేసుకోవడానికి రికార్డులు కూడా అమ్మాలనుకున్నారు. గాయని మా రెయినీ గొంతూ, గాయకుడు చార్లీ ప్యాటన్ గొంతూ ఈనాడు మనకు మిగిలి ఉన్నాయంటే ఆ బేరం వల్లనే. ర్యాప్‌ను వ్యాపారం చెడగొట్టిందని వాపోయేవాళ్లు బ్లూస్‌లో వ్యాపారం లేని రోజు ఒక్కటి చూపించాలి.

ఇక గొలుసుల సంగతి. మా రెయినీ ప్రచారానికి దిగిన ఫొటోల్లో మెడలో బంగారు నాణేలు గుచ్చిన హారం ఉంటుంది. నవ్వితే బంగారు పళ్లు మెరిసేవి. మరో బ్లూస్ గాయని బెస్సీ స్మిత్ 1925లో తన బృందం కోసం సొంతంగా ఒక రైలు పెట్టె చేయించుకుంది. తెల్లవాళ్ల హోటళ్లు తనను గడప తొక్కనివ్వని దక్షిణాదిలో ఆమె తన పెట్టెలో తాను పడుకుని ఊరూరా తిరిగింది. ఆమె పాట వినడానికి టికెట్టు కొన్నవాళ్లలో రోజంతా ఒళ్లు హూనం చేసుకున్నవాళ్లే ఎక్కువ. వాళ్లకు ఏడుపు చూడాలని లేదు. ఏడుపు ఇంట్లో ఉంది. తమలాంటి మనిషి పట్టు బట్టల్లో, ఈకల టోపీలో, వెలుగులో నిలబడి తల ఎత్తుకుని పాడుతుంటే చూడాలని వచ్చారు. బ్రాంక్స్ కుర్రాడి మెడలో లావుపాటి గొలుసు చూసి ముఖం చిట్లించేవాళ్లు ఆ నాణేల హారాన్ని ఎక్కడ దాచిపెట్టారు?

తుపాకుల సంగతీ చూద్దాం. 'క్రేజీ బ్లూస్' చివరికొచ్చేసరికి ఆ పాటలోని మనిషి మత్తు తీసుకుని, తుపాకీ పట్టుకుని పోలీసును కాల్చేస్తానంటుంది. నల్ల గొంతుకు రికార్డుల ప్రపంచంలో తలుపు తెరిచిన బ్లూస్‌లో ఉన్న మాట ఇది. ఈ రికార్డును అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాతీయ సంపదగా భద్రపరిచింది, భద్రపరచవలసిందే. ఎన్.డబ్ల్యు.ఏ. అనే ర్యాప్ బృందం పోలీసుల మీద పాట కడితే మాత్రం 1989లో ఎఫ్.బి.ఐ. నుంచి వాళ్ల రికార్డు కంపెనీకి ఉత్తరం వచ్చింది. బ్లూస్‌లోనే స్కిప్ జేమ్స్ 1931లోనూ, రాబర్ట్ జాన్సన్ 1936లోనూ తుపాకుల పేర్లతోనే పాటలు రికార్డు చేశారు. 1895 క్రిస్మస్ రాత్రి సెయింట్ లూయిస్‌లో ఒక సారాయి దుకాణంలో టోపీ లాక్కున్నాడని బిల్లీ లయన్స్‌ను లీ షెల్టన్ కాల్చి చంపాడు. షెల్టన్ కథ 'స్టాక్ ఓ లీ' పాటగా దేశమంతా తిరిగింది. ఆ పాటను రికార్డు చేసినవాళ్లలో మిసిసిపీ జాన్ హర్ట్ ఒకడు, అంత మెత్తని గొంతు బ్లూస్‌లోనే అరుదు. ఆయన ఎవరినీ చంపలేదు. కథ చెప్పాడు.

గొప్పలు చెప్పుకోవడం కూడా ర్యాప్ తెచ్చిన జబ్బు కాదు. 1954లో మడ్డీ వాటర్స్ పాడిన 'హూచీ కూచీ మ్యాన్' మొదటి చరణం నుంచి చివరి దాకా, తాను పుట్టకముందే తన ఘనతకు జోస్యం చెప్పారన్న డంబమే. అది మడ్డీ సొంత అనుభవం కూడా కాదు. చెస్ రికార్డు కంపెనీకి పాటలు రాసిపెట్టే విల్లీ డిక్సన్ రాసిచ్చాడు. ఆ డంబంలో ఉన్న ఆనందాన్ని మనసారా అనుభవించేవాడు, అదే డంబం బీట్ మీద ప్రాసలతో వస్తే అహంకారమని ఎలా అంటాడో నాకు అర్థం కాదు.

బెస్సీ స్మిత్ 'బ్యాక్‌వాటర్ బ్లూస్'ను 1927 మిసిసిపీ మహా వరదకు సాక్ష్యంగా చెప్పుకుంటారు. ఆమె దాన్ని రికార్డు చేసింది ఫిబ్రవరిలో. మిసిసిపీలో గట్టు తెగింది ఏప్రిల్‌లో. పాట ముందు, వరద తర్వాత. అంతకుముందెక్కడో వచ్చిన చిన్న వరదను తీసుకుని ఇల్లు మునిగిన మనిషి గొంతు కట్టింది ఆమె. ఆ తర్వాత నిజంగా ఇల్లు మునిగిన వేలమంది ఆ గొంతులో తమను విన్నారు. గొప్ప కళ చేసే పని ఇదే, దీనికి గాయని వరదనీళ్లలో నిలబడి ఉండవలసిన అవసరం లేదు. మనకిది కొత్త సంగతేం కాదు. పూర్ణమ్మ కథ చదివి కళ్లు తుడుచుకున్న తరాల్లో ఎవరూ గురజాడను, నిన్ను ముసలివాడికి కట్టబెట్టారా అని అడగలేదు.

రాబర్ట్ జాన్సన్‌కు జరిగింది కాస్త వివరంగా చెప్పాలి. ఆయన 1936 నవంబరులో శాన్ ఆంటోనియోలో, 1937 జూన్‌లో డాలస్‌లో, మొత్తం 29 పాటలు రికార్డు చేసి, 1938 ఆగస్టులో 27 ఏళ్ల వయసులో చనిపోయాడు. 1961లో కొలంబియా కంపెనీ ఆయన పాటలతో ఎల్పీ వేసింది. అప్పటికి ఆయన ఫొటో ఏదీ బయటికి రాలేదు. అట్ట మీద బొమ్మ గీయించారు. పైనుంచి చూసినట్టు ఒక మనిషి కుర్చీలో కూచుని గిటార్ మీదికి వంగి ఉంటాడు. ముఖం కనపడదు, నేల మీద నీడ పరచుకుని ఉంటుంది. ఇంగ్లండులో, అమెరికా ఉత్తరాదిలో ఒక తరం కుర్రాళ్లు ఆ ముఖం లేని మనిషిని ప్రేమించారు. నాలుగురోడ్ల కూడలిలో సైతానుకు ఆత్మ అమ్ముకున్న పేదవాడని కథ చెప్పుకున్నారు. ఆ కథ మొదట టామీ జాన్సన్ అనే వేరే పాటగాడి గురించి ఆయన అన్న చెప్పింది. కథకు కావలసినవాడు దొరికాడు కాబట్టి ఈయన మెడలో వేశారు.

1990లో పూర్తి సంపుటి అట్ట మీద అసలు ఫొటో వచ్చింది. మెంఫిస్‌లోని హుక్స్ బ్రదర్స్ స్టూడియోలో తీయించుకున్నది. సన్నచారల సూటు, చక్కగా ముడేసిన టై, కోటు జేబులో మడత పెట్టిన రుమాలు. టోపీ కాస్త పక్కకు వాలి ఉంది. కాలు మీద కాలు వేసుకున్నాడు, బూట్లకు పాలిష్ ఉంది. గిటార్ మెడ మీద పొడుగాటి వేళ్లు సాగి ఉన్నాయి. ముఖంలో చిరునవ్వు. డబ్బులు కట్టి స్టూడియోలో కూచుని, లోకం తనను ఎలా చూడాలో తానే నిర్ణయించుకున్న ఒక యువ కళాకారుడి ఫొటో ఇది. ఆయనతో కలిసి ఊళ్లు తిరిగిన జానీ షైన్స్, జాన్సన్ అప్పటి సినిమా పాటలూ, నాట్యానికి పనికొచ్చే పోల్కాలూ, ఎవరు ఏది అడిగితే అది వాయించేవాడని చెప్పాడు. అంటే ఆయన ఆ కాలపు పాపులర్ సంగీతకారుడు. 1990ల ర్యాపర్ ఫొటోను దీని పక్కన పెడితే నాకు వరస కలిసిన చుట్టాల్లా కనిపిస్తారు.

మరి ముఖం లేని మనిషిని ఎవరు తయారుచేశారు? జానపదం సేకరించేవాళ్లు, తెల్లవాళ్ల కచేరీలు నడిపేవాళ్లు. వాళ్లలో చాలామంది మంచివాళ్లు, నల్ల సంగీతం కోసం ఎంతో చేసినవాళ్లు. అయినా చేసిన తప్పు తప్పే. పాటగాడు లెడ్‌బెల్లీ 1934లో లూసియానా జైలు నుంచి విడుదలయ్యాక జానపద సేకర్త జాన్ లోమాక్స్ ఆయన్ను న్యూయార్క్ తీసుకెళ్లాడు. లెడ్‌బెల్లీకి సూటూ బో టై అంటే ఇష్టం. 1935లో తీసిన న్యూస్‌రీల్‌లో మాత్రం ఆయన చేత మళ్లీ ఖైదీ బట్టలు కట్టించి, తన జీవితాన్ని తానే నటింపజేశారు. 1938 డిసెంబరులో కార్నెగీ హాలులో జాన్ హ్యామండ్ నిర్వహించిన కచేరీకి బిగ్ బిల్ బ్రూంజీ వచ్చాడు. అప్పటికి ఆయన షికాగోలో ఎన్నో ఏళ్లుగా ఉంటూ రికార్డులు చేస్తున్న పేరున్న పాటగాడు. శ్రోతలకు మాత్రం అర్కాన్సా పొలాన్నీ కంచరగాడిదనూ వదిలి వచ్చిన రైతుగా చూపించారు. రైతు అయితేనే నిజమైనవాడని ఆ హాలులో కూచున్నవాళ్లు నమ్ముతారని తెలుసు కనుక.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టే దృశ్యం 1964 మే 7న మాంచెస్టర్‌లో జరిగింది. గ్రనాడా టెలివిజన్‌వాళ్లు వాడకంలో లేని ఒక రైల్వే స్టేషన్‌ను అమెరికా దక్షిణాది స్టేషన్‌లా అలంకరించారు. మూటలు, చెక్కపెట్టెలు, ఊగే కుర్చీ, తిరిగే కోళ్లు, మేకలు. ఒక ప్లాట్‌ఫారం మీద శ్రోతలు, పట్టాలకు అవతల పాటగాళ్లు. మడ్డీ వాటర్స్ అక్కడ పాడాడు. ఆయన పత్తితోట వదిలి షికాగో చేరింది 1943లో. విద్యుత్ గిటార్‌తో బ్లూస్ గతినే మార్చిన మనిషి, ఆ గిటార్‌తోనే 1958లో ఇంగ్లండు వచ్చినప్పుడు ఇంత మోత ఏమిటని అక్కడివాళ్ల చేత అనిపించుకున్న మనిషి. ఆరేళ్ల తర్వాత అదే దేశం ఆయన్ను మూటల మధ్య నిలబెట్టింది. సిస్టర్ రొజెట్టా థార్ప్‌ను గుర్రబ్బండిలో దింపారు. 1951లో వాషింగ్టన్ బేస్‌బాల్ స్టేడియంలో పెళ్లి చేసుకుంటే వేలమంది టికెట్టు కొని చూసిన తార ఆమె. అప్పుడే వాన పడింది. ఆమె మంచి కోటులో, ఎత్తు మడమల బూట్లలో బండి దిగి, తెల్లని విద్యుత్ గిటార్ తగిలించుకుని, వానకు సరిపోయే పాట ఎత్తుకుని, పెద్ద శబ్దంతో గిటార్ మోగించింది. ఆ అలంకరణ మొత్తం ఆమె ముందు వెలవెలపోయింది. ఆ రోజు అక్కడ నిజమైనది ఆమె వేళ్లలోని నేర్పు. కోళ్లూ మేకలూ శ్రోతల కోరిక.

ర్యాప్ అభిమానులు ఈ కథ విని, మా సంగీతం మాత్రం నిజంగా వీధిలోంచే వచ్చిందంటే, వాళ్లతోనూ నాకు పేచీ ఉంది. ర్యాప్‌లో వీధి సత్యానికి మొదటి గొప్ప ఉదాహరణగా 1982 నాటి 'ద మెసేజ్'ను చూపిస్తారు. రికార్డు మీద పేరు గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అండ్ ద ఫ్యూరియస్ ఫైవ్‌ది. రాసింది చాలావరకు డ్యూక్ బూటీ. చదువుకున్నవాడు, షుగర్ హిల్ కంపెనీలో స్టూడియో వాద్యకారుడు, న్యూజెర్సీలోని ఎలిజబెత్ మనిషి. ఆ తర్వాత చాలా ఏళ్లు పాఠాలు చెప్పాడు. బృందానికి ఆ పాట చేయడం ఇష్టం లేదు, జనం నాట్యమాడే పాటలు కావాలన్నారు. వాళ్లలో మెలీ మెల్ ఒక్కడే ఆ రికార్డులో గొంతు కలిపాడు. అయితే ఆ పాట అబద్ధమా? నలభై ఏళ్లుగా అది ఒక కాలపు నగర జీవితాన్ని కళ్లకు కడుతూనే ఉంది. ర్యాపర్ ఐస్ క్యూబ్ 'స్ట్రెయిట్ అవుటా కాంప్టన్' రాయడానికి ముందు అరిజోనాలో భవనాల నక్షాలు గీయడం చదివి వచ్చాడు. మరో ర్యాపర్ టుపాక్ బాల్టిమోర్ కళల పాఠశాలలో నటన నేర్చుకున్నాడు, బ్యాలే చేశాడు. ఈ వివరాలు బయటపెట్టి, చూశారా వీళ్లు వేషగాళ్లు అని చప్పట్లు కొట్టేవాళ్లున్నారు. నేను ఈ వివరాలు చెప్పేది గర్వంతో. నటన నేర్చినవాడు కాబట్టే టుపాక్ ఒక పాటలో తల్లికి కొడుకుగా, మరో పాటలో పన్నెండేళ్ల అమ్మాయి కథ చెప్పేవాడిగా నిలబడగలిగాడు.

ఆడవాళ్ల మీద ర్యాప్‌లో ఉన్న నీచమైన మాటల్ని నేను వెనకేసుకురాను. ఆ విమర్శ న్యాయమైనది. నల్లజాతి స్త్రీలే దాన్ని అందరికన్నా ముందు, గట్టిగా చేశారు. కానీ ఆ తప్పును బ్లూస్‌ను పైకెత్తడానికి వాడుకుంటే ఒప్పుకోను. రాబర్ట్ జాన్సన్ సైతాను మీద కట్టిన పాటలో తన ఆడమనిషిని తృప్తి తీరా కొడతాననే మాట ఉంది. రెండుచోట్లా తప్పుపట్టండి, లేదా రెండుచోట్లా పాటలోని పాత్ర గురించి మాట్లాడండి.

పాత్ర అనే మాట దగ్గరే అసలు ప్రమాదం ఉంది. పాటగాడు పాడేదంతా తన బతుకేనని పట్టుబడితే, ఆ పట్టుదల కోర్టు దాకా వెళుతుంది. 1990లలో క్యారీ ఫ్రైడ్ అనే మనస్తత్వ పరిశోధకురాలు పోలీసును చంపడం గురించిన ఒక పాత జానపద గీతాన్ని కొందరికి ర్యాప్ అనీ, కొందరికి కంట్రీ పాట అనీ చెప్పి చదివించింది. పదాలు ఒకటే. ర్యాప్ అనుకున్నవాళ్లకు అది మరింత ప్రమాదకరంగా తోచింది. లూసియానాలో మెకిన్లీ ఫిప్స్ అనే ర్యాపర్, మ్యాక్ అని పిలుస్తారు, 2000లో ఒక క్లబ్బులో జరిగిన కాల్పుల కేసులో అరెస్టయ్యాడు. ఆ పని తానే చేశానని ఆ రాత్రి అక్కడ కాపలా కాస్తున్న మరో మనిషి ఒప్పుకున్నాడు. ప్రాసిక్యూషన్ వాళ్లు అతన్ని నమ్మలేదు. బదులుగా మ్యాక్ పాటలు చదివారు. రెండు వేర్వేరు పాటల్లోంచి రెండు ముక్కలు తీసి అతికించారు. ఒక ముక్క వియత్నాం యుద్ధంలో పోరాడి వచ్చిన తండ్రి గురించి కొడుకు రాసినది. అతికించాక అది కొడుకు బెదిరింపు అయింది. 30 ఏళ్ల శిక్ష పడింది. 2021లో విడుదలయ్యేసరికి ఇరవై ఏళ్లకు పైగా గడిచిపోయాయి.

2023 నవంబరులో అట్లాంటాలో యంగ్ థగ్ అనే ర్యాపర్ కేసులోనూ పాటల చరణాల్ని సాక్ష్యంగా పెట్టడానికి జడ్జి షరతులతో ఒప్పుకున్నాడు. ఇదే న్యాయవ్యవస్థకు పాత్ర అంటే ఏమిటో తెలియదా అంటే, తెలుసు. ఒకప్పుడు జైలు కాపలాదారుగా పనిచేసి, ఆ తర్వాత రిక్ రాస్ పేరుతో ర్యాపర్ అయిన విలియం రాబర్ట్స్ మీద, ఆ పేరు నాదంటూ అసలు రిక్ రాస్, మాజీ మాదకద్రవ్యాల వ్యాపారి, దావా వేశాడు. 2013లో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు దావా కొట్టేసింది. ర్యాపర్ ఆ పేరునూ ఆ కథనూ ముడిసరుకుగా తీసుకుని కొత్త కళ సృష్టించాడని తేల్చింది. ఆస్తి తగాదాలో ర్యాపర్ కళాకారుడు. హత్య కేసులో అతని పాట వాంగ్మూలం. కాలిఫోర్నియా 2022లో పాటల్ని సాక్ష్యంగా తేవడానికి గట్టి షరతులు పెడుతూ చట్టం చేసింది. జార్జియా సహా అలాంటి చట్టం లేని రాష్ట్రాలన్నిటిలో అది రావాలి. దానికోసం మొదట గొంతెత్తవలసింది బ్లూస్ ప్రేమికులు. 'క్రేజీ బ్లూస్' పాడినందుకు మేమీ స్మిత్‌ను ఏ జ్యూరీ ముందూ నిలబెట్టలేదు.